ప్రచారం, వ్యాపార ప్రకటన – భేదాలు

పాఠ్య నిర్మాణ క్రమం
9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 వాడుక మాట, శాస్త్ర పదం
9.3 వ్యాపార ప్రకటన – అర్థం, లక్షణాలు
9.4 ప్రచారం – అర్థం, లక్షణాలు
9.5 ఉదాహరణ: పొందూరు ఖాదీ
9.6 ప్రధాన భేదాలు
9.7 ప్రతికూల ప్రచారం
9.8 హద్దు చెరిగిపోయే సందర్భాలు
9.9 రెండింటినీ కలిపి వాడడం
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వ్యాపార ప్రకటనను, ప్రచారాన్ని నిర్వచించగలుగుతారు.
• ఒక సందేశం ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో గుర్తించగలుగుతారు.
• ఖర్చు, నియంత్రణ, నమ్మకం, బాధ్యత అనే అంశాల్లో రెండింటినీ పోల్చగలుగుతారు.
• ఒక చిన్న ఉత్పత్తిదారు ఏ అవసరానికి దేనిని వాడాలో సూచించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో ప్రమోషన్ మిశ్రమంలోని అంగాలను పరిచయం చేసుకున్నాం. వ్యాపార ప్రకటన, వ్యక్తిగత అమ్మకం, అమ్మకాల ప్రోత్సాహకాలు, ప్రచారం వాటిలో ముఖ్యమైనవి. విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది వ్యాపార ప్రకటనకు, ప్రచారానికి మధ్యనే. ఇందుకు కారణం లేకపోలేదు. రెండూ ఒకే పత్రికలో, ఒకే పేజీలో పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ వస్తువు పేరును జనంలోకి తీసుకుపోతాయి. రెండూ ఎదురుగా నిలబడి మాట్లాడే అమ్మకందారు లేకుండానే పని చేస్తాయి.

అయినా మార్కెటింగ్ నిర్వాహకుడి దృష్టిలో ఇవి రెండు వేర్వేరు పనిముట్లు. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. పెద్ద కంపెనీ ఈ తేడా గమనించకపోతే కొంత డబ్బు వృథా అవుతుంది. చిన్న ఉత్పత్తిదారు గమనించకపోతే ఆ నష్టం బతుకుదెరువు మీదే పడుతుంది. ఈ సంగతిని శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ ఉదాహరణతో వివరంగా చూద్దాం. ముందు మాటల సంగతి తేల్చుకోవాలి.

9.2 వాడుక మాట, శాస్త్ర పదం

తెలుగులో ఈ పాఠం చదివేవారికి ఒక చిక్కు ఉంది. ఆటోకు మైకు కట్టి, కొత్తగా తెరిచిన బట్టల దుకాణం గురించి ఊరంతా చెప్పిస్తే "ప్రచారం చేస్తున్నారు" అంటాం. ఒక సంస్థ తన విశేషాలు రాసి విలేకరులకు పంపే కాగితాన్ని "పత్రికా ప్రకటన" అంటాం. మార్కెటింగ్ శాస్త్రం ప్రకారం ఈ రెండు పేర్లూ తారుమారు అయినట్లే. ఆటో మైకుకు దుకాణదారు అద్దె చెల్లించాడు, ఏం చెప్పాలో అతనే రాసి ఇచ్చాడు. కాబట్టి అది వ్యాపార ప్రకటన. పత్రికా ప్రకటన అచ్చు కావడానికి సంస్థ ఏమీ చెల్లించదు. దానిని వేయాలా వద్దా, వేస్తే ఎంత వేయాలి అన్నది సంపాదకుడి ఇష్టం. కాబట్టి అది ప్రచార సాధనం.

అందువల్ల పేరు చూసి నిర్ణయానికి రావద్దు. ఎదురైన ప్రతి సందేశాన్నీ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఈ స్థలానికి లేదా సమయానికి ఎవరైనా డబ్బు చెల్లించారా?
2. ఏ మాటలు, ఎప్పుడు, ఎక్కడ అన్న చివరి నిర్ణయం ఎవరిది?
3. చెబుతున్నది ఎవరో, ఎవరి తరఫున చెబుతున్నారో పాఠకుడికి తెలుస్తోందా?

డబ్బు చెల్లించినవాడే మాటలను నిర్ణయించి, తన పేరు కూడా బయటపెట్టుకుంటే అది వ్యాపార ప్రకటన. డబ్బు చెల్లించకుండా, మరొకరి నిర్ణయంతో, మరొకరి గొంతుతో వెలువడితే అది ప్రచారం. డబ్బు చెల్లించి కూడా ఆ సంగతి దాచిపెడితే అది ఏమవుతుందో 9.8లో చూస్తాం.

9.3 వ్యాపార ప్రకటన – అర్థం, లక్షణాలు

అమెరికన్ మార్కెటింగ్ అసోసియేషన్ ఇచ్చిన నిర్వచనం మన పాఠ్యగ్రంథాలన్నింటిలోనూ కనిపిస్తుంది. దాని సారాంశం ఇది: గుర్తించదగిన ప్రాయోజకుడు డబ్బు చెల్లించి, వ్యక్తిగతం కాని పద్ధతిలో, తన భావాలను, వస్తువులను లేదా సేవలను ప్రజల ముందు ఉంచడం. ఇందులో నాలుగు అంశాలు ఉన్నాయి.

(అ) చెల్లింపు: పత్రికలో స్థలాన్ని, టీవీ లేదా రేడియోలో సమయాన్ని, రోడ్డు పక్కన హోర్డింగును, ఫోన్ తెరపై చోటును ప్రకటనదారు కొంటాడు.

(ఆ) వ్యక్తిగతం కానిది: ఒక్కొక్కరితో విడివిడిగా కాక, ఒకే సందేశం ఒకేసారి ఎందరికో చేరుతుంది.

(ఇ) గుర్తించదగిన ప్రాయోజకుడు: ఎవరు చెబుతున్నారో పాఠకుడికి తెలుస్తుంది. సందేశంలో తప్పుంటే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.

(ఈ) నియంత్రణ: మాటలు, బొమ్మ, పరిమాణం, తేదీ, ఎన్నిసార్లు అన్నవన్నీ ప్రకటనదారు చేతిలో ఉంటాయి.

పత్రికల్లో ప్రకటన ధరను సాధారణంగా కాలమ్ సెంటీమీటరు లెక్కన కడతారు. రెండు కాలమ్‌ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ప్రకటన 20 కాలమ్ సెంటీమీటర్లు అవుతుంది. రేటు రూ.150 అనుకుందాం. ఒక రోజుకు రూ.3,000. మూడు రోజులు వేస్తే రూ.9,000. ఒక చేనేత సంఘానికి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ప్రకటనలో ప్రతి మాటకూ పని ఉండాలి.

9.4 ప్రచారం – అర్థం, లక్షణాలు

ఒక వస్తువు గురించి గానీ సంస్థ గురించి గానీ వాణిజ్యపరంగా విలువైన సమాచారం, వార్తగానో వ్యాసంగానో ప్రసంగంగానో ప్రసార మాధ్యమాల్లో వెలువడి, దానికి ఆ సంస్థ డబ్బు చెల్లించకపోతే దానిని ప్రచారం అంటారు. దీనినే పబ్లిసిటీ అని కూడా వ్యవహరిస్తాం.

ప్రచారానికి మూలం వార్తా విలువ. కొత్తదనం, అరుదుదనం, ప్రముఖ వ్యక్తి సంబంధం, స్థానికత, మానవీయ కోణం వీటిలో ఏదో ఒకటి లేకపోతే సంపాదకుడు ఆ విషయానికి చోటివ్వడు. "మా దుకాణంలో మంచి బట్టలు ఉన్నాయి" అన్నది వార్త కాదు. "కొండపత్తి వడకడం నేర్చుకోవడానికి పాతికమంది ఇంటర్ విద్యార్థినులు ముందుకు వచ్చారు" అన్నది వార్త అవుతుంది.

ప్రచారం పూర్తిగా ఉచితమని కొందరు రాస్తారు. ఇది సరికాదు. స్థలానికి డబ్బు ఉండదు గానీ, విలేకరులను పిలవడానికి, ఫొటోలు తీయించడానికి, ప్రదర్శన ఏర్పాటు చేయడానికి, సందర్శకులకు పని చూపించడానికి ఖర్చు అవుతుంది. అన్నిటికంటే పెద్ద ఖర్చు సమయం. ఇంత చేసినా మరుసటి రోజు పత్రికలో ఆ వార్త రాకపోవచ్చు.

తెలుగు పత్రికల చరిత్రలో ఒక ఘట్టం ఈ రెండింటినీ పల్లెలకు దగ్గర చేసింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలను మొదలుపెట్టింది. తరువాత మిగిలిన పత్రికలూ అదే దారి పట్టాయి. రాష్ట్రమంతటికీ వేసే ప్రకటన ఖర్చును విజయనగరంలోని ఒక చిన్న నగల దుకాణం భరించలేదు. ఆ దుకాణానికి రాజమండ్రి, అనంతపురం పాఠకులతో పనీ లేదు. జిల్లా అనుబంధం వచ్చాక తన జిల్లా వరకే, తక్కువ ఖర్చుతో ప్రకటన వేసుకునే వీలు కలిగింది. అదే సమయంలో, రాష్ట్ర పేజీల్లో చోటు దొరకని మండల స్థాయి విశేషాలు వార్తలయ్యాయి. అంటే స్థానిక ప్రకటన, స్థానిక ప్రచారం ఒకే కాగితం మీద పెరిగాయి. పాఠకుడికి తేడా తెలియకుండా పోయే ప్రమాదం కూడా అక్కడే మొదలైంది.

9.5 ఉదాహరణ: పొందూరు ఖాదీ

(క) పేరు ఎలా వచ్చింది?

పొందూరు నేత సన్నదనానికి పేరు పొందింది. స్థానికంగా పండే కొండపత్తి, ఎర్రపత్తి దీనికి ముడిసరుకు. పత్తిని శుభ్రపరచి దువ్వడానికి ఇక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ ఎముకలోని సన్నని పళ్ల వరుస దువ్వెనలా పనిచేసి పోగులను విడదీస్తుంది. తరువాత ఏకడం, దూది చేయడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం అన్నీ చేతితోనే జరుగుతాయి. వడికేది ఎక్కువగా స్త్రీలే. ఇక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వడికేవారికి, నేసేవారికి, కొనేవారికి నడుమ నిలిచే సంస్థ.

ఈ వస్త్రానికి దేశవ్యాప్తమైన పేరు తెచ్చింది వ్యాపార ప్రకటన కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గాంధీజీ దీని సన్నదనాన్ని మెచ్చుకున్నారు. ఆయన నడిపిన యంగ్ ఇండియా పత్రికలో పొందూరు ప్రస్తావన వచ్చింది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. గాంధీజీ తన పత్రికల్లో వ్యాపార ప్రకటనలు వేయకూడదని నియమం పెట్టుకున్నారు. అంటే పొందూరు నేతగాళ్ల దగ్గర ఎంత డబ్బున్నా ఆ పత్రికలో ఒక్క అంగుళం చోటు కొనగలిగేవారు కాదు. కొనడానికి వీలులేని చోట వచ్చిన మాట కాబట్టే ఆ మెప్పుకు అంత విలువ. ప్రచారానికి ఉండే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

తరువాతి కాలంలోనూ ఇదే వరస కొనసాగింది. సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు పొందూరు ఖాదీ ధరించేవారన్నది తెలుగువారిలో చాలామందికి తెలిసిన సంగతి. 2021 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం రోజున, కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పొందూరు వచ్చి వడకడం, నేయడం చూశారు. ఆ వార్తను పత్రికలు, టీవీలు చెప్పాయి. వీటిలో ఏదీ సంఘం కొన్న స్థలం కాదు.

(ఖ) పేరు ఏ పని చేయలేదు?

ఇప్పుడు మార్కెటింగ్ విద్యార్థిగా ఆలోచించండి. వార్త చూసిన ఒక వినియోగదారు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో దుకాణానికి వెళ్లి "పొందూరు ఖాదీ ఉందా?" అని అడుగుతాడు. అప్పుడు మూడు రకాల ఇబ్బందులు రావచ్చు.

మొదటిది, సరుకు. మిల్లులో గిరాకీ పెరిగితే మరో షిఫ్టు నడుపుతారు. చేతితో వడికే నూలుకు ఆ సౌకర్యం లేదు. వార్త వచ్చిన వారంలోనే నూలు ఉత్పత్తి రెట్టింపు కాదు. ప్రచారం ఎప్పుడు వస్తుందో ఉత్పత్తిదారు నిర్ణయించలేడు కాబట్టి, సరుకు లేని రోజున గిరాకీ వచ్చి పడుతుంది.

రెండోది, ధర. చేతి పని ఎక్కువ కాబట్టి వెల ఎక్కువ. ఎందుకు ఎక్కువో వార్త చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోతే కొనేవాడు దానిని మామూలు నూలు బట్టతో పోల్చి వెనుదిరుగుతాడు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, అనుకరణ. పేరు పొందిన ప్రతి చేతి వస్త్రానికీ ఈ బెడద ఉంటుంది. మరమగ్గం మీద నేసిన బట్టకు ప్రసిద్ధమైన ఊరి పేరు తగిలించి తక్కువ ధరకు అమ్మేవారు ఉంటారు. అప్పుడు వార్త సృష్టించిన గిరాకీ మరొకరి గల్లాపెట్టెలోకి పోతుంది. రోజంతా రాట్నం ముందు కూర్చున్న స్త్రీకి ఆ మంచి వార్త వల్ల ఒక్క రూపాయి కూడా రాదు. ప్రచారం పేరును పెంచుతుంది. ఆ పేరు మీద వచ్చే ఆదాయం ఎవరికి చేరాలో అది నిర్ణయించలేదు.

(గ) ఇక్కడ వ్యాపార ప్రకటన ఏం చేయాలి?

పొందూరు గొప్పదని చెప్పడానికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. ఆ పని ఇతరులు చేశారు, ఇంకా బాగా చేశారు. డబ్బు పెట్టి చెప్పవలసినవి వేరే ఉన్నాయి: అసలు వస్త్రాన్ని ఎలా గుర్తించాలి, ఎక్కడ దొరుకుతుంది, ధర ఎంత, రాయితీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. ఉదాహరణకు, ఖాదీ పేరుతో అమ్మే వస్త్రానికి ఖాదీ మార్కు ఉండాలని 2013 నాటి ఖాదీ మార్కు నిబంధనలు చెబుతున్నాయి. ఈ సంగతిని విలేకరి తన కథనంలో రాయడం మరచిపోవచ్చు. ప్రకటనలో మాత్రం మనం మరచిపోకూడదు.

ఒకే సంఘం ఒకే వారంలో పంపగల రెండు సందేశాలను కింద చూడండి. ఇవి మీ అవగాహన కోసం ఊహించి రాసినవి.

పత్రికా ప్రకటన: "వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచే పద్ధతిని కళాశాల విద్యార్థులకు చూపేందుకు శనివారం పొందూరులో ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాం. అరవై ఏళ్లుగా నూలు వడుకుతున్న స్త్రీలు పని చేసి చూపిస్తారు. విలేకరులకు ఆహ్వానం."

వ్యాపార ప్రకటన: "పొందూరు ఖాదీ పంచెలు, చీరలు. ఖాదీ మార్కు చూసి కొనండి. గాంధీ జయంతి రాయితీ అక్టోబరు 2 నుంచి. సంఘ విక్రయశాల, పొందూరు. ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు."

మొదటిది సంపాదకుడిని ఉద్దేశించినది. అందులో కథ ఉంది, ధర లేదు. రెండోది కొనుగోలుదారును ఉద్దేశించినది. అందులో ధరకు, చోటుకు, గుర్తుకు సంబంధించిన సమాచారం ఉంది, కథ లేదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే రెండూ వృథా అవుతాయి.

9.6 ప్రధాన భేదాలు

1. చెల్లింపు: ప్రకటనలో స్థలానికి, సమయానికి డబ్బు చెల్లిస్తారు. ప్రచారంలో చెల్లించరు. ప్రచారానికి సన్నాహక ఖర్చు మాత్రం ఉంటుంది.

2. నియంత్రణ: ప్రకటనలోని అక్షరం అక్షరం ప్రకటనదారు ఇష్టం. ప్రచారంలో విలేకరి, సంపాదకుడు తగ్గించవచ్చు, మార్చవచ్చు, పూర్తిగా తీసివేయవచ్చు.

3. సమయం: ప్రకటనను పండుగకు వారం ముందు కావాలంటే ఆ వారంలోనే వేయించవచ్చు. ప్రచారం మన క్యాలెండరు చూసుకుని రాదు. 2020 ఆగస్టు 30 నాటి "మన్ కీ బాత్" ప్రసంగంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఏటికొప్పాక బొమ్మలను ప్రస్తావించారు. ఆ తేదీని బొమ్మల తయారీదారులు ఎంచుకోలేదు. అలాంటి రోజు వచ్చినప్పుడు సరుకు సిద్ధంగా ఉంటేనే లాభం.

4. పునరావృతి: ఒకే ప్రకటనను పది రోజులు వేయవచ్చు. ఒకే వార్తను రెండోసారి వేయరు. వినియోగదారుకు గుర్తుండాలంటే పదేపదే వినిపించాలి. ఆ పని ప్రకటనకే సాధ్యం.

5. నమ్మకం: తన పెరుగు పుల్లనని ఎవరూ చెప్పరు. ప్రకటన చదివే పాఠకుడికి ఈ సంగతి తెలుసు, అందుకే కొంత తగ్గించి వింటాడు. సంబంధం లేని మూడో వ్యక్తి మెచ్చుకుంటే ఎక్కువగా నమ్ముతాడు.

6. ప్రాయోజకుడి గుర్తింపు: ప్రకటనలో ప్రాయోజకుడు ఎవరో స్పష్టం. ప్రచారంలో మాట్లాడేది మాధ్యమం. సంస్థ వెనుక ఉంటుంది.

7. అనుకూలత: సంస్థ తన ప్రకటనలో తన గురించి చెడు చెప్పుకోదు. ప్రచారం అనుకూలంగా ఉండవచ్చు, ప్రతికూలంగానూ ఉండవచ్చు.

8. ఉద్దేశం: ప్రకటన సాధారణంగా కొనుగోలు వైపు నడిపిస్తుంది. ప్రచారం ఎక్కువగా పరిచయాన్ని, గౌరవాన్ని, సదభిప్రాయాన్ని కలిగిస్తుంది.

9. చట్టపరమైన బాధ్యత: ప్రకటనలో చెప్పిన ప్రతి మాటకూ ప్రకటనదారు జవాబుదారు. స్వతంత్రంగా వచ్చిన వార్తలోని మాటలకు మాధ్యమానిదే ప్రధాన బాధ్యత.

9.7 ప్రతికూల ప్రచారం

ప్రచారం అన్న మాట వినగానే మంచి పేరే గుర్తుకు రావడం సహజం. అయితే మాధ్యమాలు మన అనుమతి తీసుకోకుండా చెడునూ చెబుతాయి. 2003 అక్టోబరులో, దీపావళికి కొద్ది వారాల ముందు, మహారాష్ట్రలో కాడ్‌బరీ డెయిరీ మిల్క్ చాక్లెట్లలో పురుగులు కనిపించాయన్న వార్త దేశమంతటా పాకింది. చాక్లెట్ల అమ్మకాలకు అత్యంత కీలకమైన కాలం అది. కంపెనీ కొంతకాలం తన ప్రకటనలను నిలిపివేసింది. దుకాణాల్లో సరుకు నిల్వ చేసే తీరును తనిఖీ చేసి, దుకాణదారులకు అవగాహన కలిగించే కార్యక్రమం చేపట్టింది. చాక్లెట్ చుట్టే పొరను మరింత గట్టిగా మూసి ఉండేలా మార్చింది. 2004 ఆరంభంలో అమితాబ్ బచ్చన్‌తో ప్రకటనలు వేసింది.

ఈ వరసలో ఒక పాఠం ఉంది. వార్త వేడిగా ఉన్నప్పుడు "మా చాక్లెట్ మంచిది" అని డబ్బు పెట్టి ఎంత అరిచినా జనం నమ్మరు. ముందు లోపం సరిదిద్దాలి, సరిదిద్దిన సంగతి మాధ్యమాలకు తెలపాలి, ఆ తరువాతనే ప్రకటన. ప్రతికూల ప్రచారానికి మొదటి జవాబు ప్రకటన కాదు, పని.

9.8 హద్దు చెరిగిపోయే సందర్భాలు

9.2లో చెప్పిన మూడు ప్రశ్నలకు ఒక్కోసారి జవాబులు కలగాపులగంగా వస్తాయి.

(అ) ప్రాయోజిత కార్యక్రమం: విజయనగరంలో విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. భక్తులకు స్వాగతం చెబుతూ దుకాణాలు కట్టే ఫ్లెక్సీలు వ్యాపార ప్రకటనలే. ఒక దుకాణం యాత్రికులకు మజ్జిగ పంచితే, ఆ పందిరిపై కట్టిన బ్యానరు వ్యాపార ప్రకటన. మజ్జిగ పంచిన సంగతిని పత్రిక తనంతట తాను వార్తగా వేస్తే అది ప్రచారం. ఒకే పని నుంచి రెండూ పుట్టాయి.

(ఆ) చెల్లింపు వార్త: డబ్బు తీసుకుని, ఆ సంగతి చెప్పకుండా, వార్త రూపంలో వేసే ప్రకటన ఇది. 2009 సార్వత్రిక ఎన్నికల తరువాత దీనిపై తీవ్రమైన విమర్శలు రావడంతో భారత ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని నియమించింది. అందులోని ఇద్దరు సభ్యులు పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి. వారి నివేదిక 2010లో సిద్ధమైంది. చెల్లింపు వార్త ప్రకటనకు ఉండే నియంత్రణను డబ్బుతో కొంటుంది, ప్రచారానికి ఉండే నమ్మకాన్ని దొంగిలిస్తుంది. బయటపడిన రోజున పత్రిక, ప్రకటనదారు ఇద్దరూ పరువు పోగొట్టుకుంటారు.

(ఇ) సామాజిక మాధ్యమాల్లో సిఫారసు: యూట్యూబులోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒకరు తమకు నచ్చి ఒక చీర గురించి చెబితే అది ప్రచారం. డబ్బో, ఉచితంగా చీరో తీసుకుని చెబితే అది వ్యాపార ప్రకటన. అలాంటి ప్రతిఫల సంబంధాన్ని చూసేవారికి తెలపాలని 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుపైన, దానిని సమర్థించిన ప్రముఖుడిపైన రూ.10 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మళ్లీ అదే తప్పు చేస్తే రూ.50 లక్షల వరకు విధించవచ్చు. దీనికి తోడు, పరిశ్రమ తనకు తాను ఏర్పాటు చేసుకున్న భారత ప్రకటనల ప్రమాణాల మండలి 1985 నుంచి పనిచేస్తోంది.

9.9 రెండింటినీ కలిపి వాడడం

చిన్న ఉత్పత్తిదారు లేదా సహకార సంఘం కింది వరసను పాటించవచ్చు.

మొదట, సరుకును, పేరును సిద్ధం చేసుకోవాలి. సరుకుపై గుర్తు, చిరునామా, ఫోన్ నంబరు లేకుండా ప్రచారానికి పోవడం గట్టు వేయకుండా చెరువు నింపడం వంటిది. భౌగోళిక గుర్తింపు, ఖాదీ మార్కు వంటివి ఈ గట్టులోని రాళ్లు. బొబ్బిలి వీణకు 2012లో, ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది ప్రకటనా కాదు, ప్రచారమూ కాదు. పేరు మీద హక్కు.

రెండు, ప్రచారంతో పరిచయం కలిగించాలి. మీ పనిలో ఇతరులకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటో గుర్తించండి. పనసకర్ర మొద్దును తొలిచి వీణ చేయడం మీకు రోజూ చూసే పని కావచ్చు. దూరప్రాంతపు పాఠకుడికి అది కథ.

మూడు, ప్రచారం కలిగించిన ఆసక్తిని ప్రకటనతో దుకాణం దాకా నడిపించాలి. వార్త వచ్చిన కొద్ది రోజుల్లోనే చిన్న ప్రకటన వేస్తే, అది మామూలు రోజున వేసిన ప్రకటన కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. పాఠకుడికి పేరు అప్పటికే తెలుసు కాబట్టి, ప్రకటన చోటు, ధర, గుర్తు చెబితే చాలు.

నాలుగు, ఫలితాన్ని నమోదు చేయాలి. కొనడానికి వచ్చిన ప్రతివారినీ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి ఒక పుస్తకంలో రాయండి. మూడు నెలల తరువాత ఆ పుస్తకమే దేనికి ఎంత ఖర్చు పెట్టాలో చెబుతుంది.

9.10 సారాంశం

వ్యాపార ప్రకటన అంటే ప్రాయోజకుడు డబ్బు చెల్లించి, తన పేరుతో, తన మాటల్లో చెప్పేది. ప్రచారం అంటే మాధ్యమం తన నిర్ణయంతో, డబ్బు తీసుకోకుండా చెప్పేది. ప్రకటన బలం నియంత్రణలోనూ పునరావృతిలోనూ ఉంది. దాని బలహీనత ఖర్చు, పాఠకుడి అనుమానం. ప్రచారం బలం నమ్మకం. దాని బలహీనత సమయం, సారాంశం మన చేతిలో లేకపోవడం. పొందూరు ఖాదీకి పేరు తెచ్చింది ప్రచారం. ఆ పేరు ఫలితం వడికినవారికి, నేసినవారికి చేరాలంటే అసలు సరుకు గుర్తును, చోటును, ధరను పదేపదే తెలిపే ప్రకటన కావాలి. డబ్బు తీసుకుని వార్తగా చూపించేది ఈ రెండింటిలో ఏదీ కాదు. అది పాఠకుడిని మోసగించడం.

9.11 ముఖ్య పదాలు

ప్రాయోజకుడు: ప్రకటనకు డబ్బు చెల్లించి, దాని బాధ్యత వహించే వ్యక్తి లేదా సంస్థ.
వార్తా విలువ: ఒక విషయాన్ని ప్రచురణకు అర్హం చేసే లక్షణం.
పత్రికా ప్రకటన: ప్రచురణ కోరుతూ సంస్థ పత్రికలకు పంపే సమాచారం, ప్రచార సాధనం.
కాలమ్ సెంటీమీటరు: పత్రికలో ప్రకటన స్థలాన్ని కొలిచే ప్రమాణం.
చెల్లింపు వార్త: డబ్బు తీసుకున్న సంగతి దాచి వార్త రూపంలో వేసే ప్రకటన.
ప్రతికూల ప్రచారం: సంస్థ పేరుకు హాని కలిగించే వార్తలు, వ్యాఖ్యలు.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వ్యాపార ప్రకటన లక్షణాలను పేర్కొనండి.
2. ప్రచారం పూర్తిగా ఉచితం కాదు. వివరించండి.
3. చెల్లింపు వార్త ఎందుకు అనైతికం?

II. కింది ప్రశ్నలకు ముప్పై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వ్యాపార ప్రకటన, ప్రచారాల మధ్య భేదాలను తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. పొందూరు ఖాదీ ఉదాహరణ ఆధారంగా ప్రచారం పరిమితులను వివరించండి.

III. అభ్యాసం
మీకు అందుబాటులో ఉన్న పత్రిక జిల్లా అనుబంధాన్ని ఒక రోజుది తీసుకోండి. ఒక వస్తువు, దుకాణం, ఆసుపత్రి లేదా కళాశాల పేరు కనిపించే ప్రతి చోటునూ గుర్తించి, 9.2లోని మూడు ప్రశ్నలతో దానిని వ్యాపార ప్రకటనగానో ప్రచారంగానో వర్గీకరించండి. ఏ కోవలోనూ తేలని వాటిని విడిగా రాసి, ఎందుకు తేలలేదో ఒక్కొక్క వాక్యంలో వివరించండి. సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ జాబితాను వెంట తీసుకురండి.